శబరి ఒడ్డు నుంచి ఓడ బ్రిడ్జి మీదికి

ఇంట్లో దోర్లీయో, కోయో, గోండీయో మాట్లాడుకుని, సంతకొస్తే తెలుగులో బేరమాడి, బడిలో హిందీలో పాఠం అప్పజెప్పే పిల్లలు దోర్నపాల్, ఎర్రబోర్, కొంటా, సుక్మా వైపు మీ ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఇవాళ్టి ప్రసంగం వాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం.

నేను ఓడల మీద డెక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. మొదట సరుకు ఓడలు, తర్వాత ప్రయాణికుల ఓడలు. ఆమధ్య దోర్నపాల్‌లోని ఉపాధ్యాయ మిత్రులు పిలిస్తే వెళ్లి పన్నెండో తరగతి పిల్లలతో కాసేపు మాట్లాడాను. ఒక అబ్బాయి ఫోన్లో క్రూయిజ్ ఓడ వీడియో తీసి చూపించాడు. అంతస్తుల మీద అంతస్తులు, పైన ఈతకొలనులు, రంగురంగుల జారుడుబల్లలు. తెల్ల చొక్కా వేసుకుని, భుజాల మీద నాలుగు బంగారు పట్టీలున్న కెప్టెన్ జనానికి చెయ్యి ఊపుతున్నాడు. "సార్, ఈయనలాగా అవ్వాలంటే ఏం చదవాలి?" అని అడిగాడు అబ్బాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. దానికి సమాధానం కూడా ఉంది. అక్కడ టైము చాలక సగమే చెప్పాను, ఇవాళ పూర్తిగా చెబుతాను.

వాడు చూపించిన ఓడ పేరు ఐకాన్ ఆఫ్ ది సీస్. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టింది. పొడవు 365 మీటర్లు. నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు సేవ చెయ్యడానికి 2,350 మంది సిబ్బంది. అంటే పదివేల మంది జనాభా ఉన్న ఒక పట్టణం నీళ్ల మీద కదులుతోందన్నమాట. ఆ పట్టణానికి కరెంటు, మంచినీళ్లు, మురుగు, ఆసుపత్రి, పోలీసు, వంటిల్లు, అన్నీ ఓడలోనే. వీటన్నిటి మీదా చివరి మాట కెప్టెన్‌ది.

భుజం మీద ఆ నాలుగు పట్టీలు ఎందుకిస్తారు? ఎక్కినవాళ్లను ఎక్కినట్టే ప్రాణాలతో దించుతానని పూచీ పడ్డందుకు. ప్రయాణికుడికి నీళ్ల సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. తెలిసినవాళ్లు పైన మెలకువగా ఉన్నారన్న నమ్మకంతోనే అతను పిల్లాపాపల్ని తీసుకుని ఓడెక్కుతాడు. ఈ ఉద్యోగంలో జీతం, హోదా, దేశాలు తిరగడం అన్నీ ఆ పూచీ తర్వాతే.

ఈ విషయం మీకు చెప్పడానికి విదేశాల దాకా పోనక్కర్లేదు. మీ పక్కనుంచి పోయే శబరి కిందికి దిగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లే పాపికొండల మధ్య నుంచి ధవళేశ్వరం దాకా పోతాయి. దారిలో కచ్చులూరు మందం అనే చోటు ఉంది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరి పాపికొండలు చూపించడానికి ఎదురు ప్రవాహంలో పోతోంది. బోటులో 77 మంది. గోదావరిలో ఆ రోజు అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద. కచ్చులూరు దగ్గర సుడుల్లో బోటు ఒరిగి తిరగబడింది. 26 మంది బతికారు. వాళ్లను నీళ్లలోంచి లాగింది కచ్చులూరు గిరిజనులు, తమ నాటు పడవలు వేసుకుని వచ్చి. అప్పటికి చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవనీ, తీసి పక్కన పెట్టారనీ బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి లంగర్లు, ఇనుప తాళ్లు వేసి గాలించి, అక్టోబరు 22న ఆ బోటును బయటికి లాగింది.

ఓడల మీద పనిచేసినవాడిగా ఆ వార్త చదువుతుంటే నాకు ఒక్కటే అనిపించింది. బోటులో జాకెట్లు ఉంటే చాలదు, అవి ప్రతి మనిషి ఒంటి మీదా ఉండేలా చూసేవాడు ఉండాలి. వరద ఎంత ఉందో తెలిస్తే చాలదు, ఆ అంకె చూసి "ఇవాళ బోటు కదలదు" అనగలిగేవాడు ఉండాలి. టికెట్లు అమ్ముడుపోయాక, జనం ఎక్కి కూర్చున్నాక, పండగ సెలవు పాడవుతుందని అందరూ గొడవ చేస్తుంటే ఆ మాట అనడం కష్టం. పెద్ద ఓడ మీదైనా, గోదావరి బోటు మీద సరంగుకైనా ఆ కష్టం ఒక్కటే. అది చెయ్యగలిగినవాడి కోసమే కంపెనీలు అన్నేళ్లు శిక్షణ ఇచ్చి, అన్ని పరీక్షలు పెడతాయి.

పెద్ద ఓడలవాళ్లు కూడా ఇది చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 2012 జనవరి 13 రాత్రి, ఇటలీ పక్కన జిల్యో అనే చిన్న దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడను కెప్టెన్ ఒడ్డుకు మరీ దగ్గరగా పోనిచ్చాడు. రాయి తగిలి పక్క చీలిపోయింది. ఓడలో 4,200 మందికి పైగా ఉన్నారు. 32 మంది చనిపోయారు. అందరూ దిగకముందే కెప్టెన్ స్కెటినో ఓడ వదిలేశాడు. కోర్టు ఆయనకు 16 ఏళ్ల జైలు శిక్ష వేసింది. గల్లంతైనవాళ్లలో చివరి మనిషి అవశేషాలు 2014 నవంబరులో దొరికాయి. ఆయన పేరు రసెల్ రెబెల్లో, ముంబై వైపు నుంచి వెళ్లిన వెయిటర్. ప్రయాణికుల్ని దించుతూ ఓడలోనే ఉండిపోయాడు. పట్టీలున్న మనిషి పడవలోకి దిగిపోయాడు, పళ్లేలు మోసే మనిషి నిలబడ్డాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బరువెక్కుతుంది.

అంతకు ఇరవయ్యేళ్ల ముందు, 1991 ఆగస్టులో దక్షిణాఫ్రికా తీరంలో ఓషియానోస్ అనే ఓడ మునిగింది. అక్కడా ఆఫీసర్లు ముందే తప్పుకున్నారు. ఆ ఓడలో గిటారు వాయించే మాస్ హిల్స్ బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, మీదికి పోయి రేడియోలో సాయం అడిగాడు. తోటి కళాకారులతో కలిసి జనాన్ని హెలికాప్టర్లు ఎక్కించాడు. ఓడలో ఉన్న 571 మందీ బతికారు. అది సంతోషమే. కానీ గిటారు వాయించేవాడు కెప్టెన్ పని చెయ్యవలసి రావడం మా వృత్తికి మచ్చ.

ఈ ప్రమాదాల తర్వాత నిబంధనలు మారాయి. కాంకోర్డియాలో ఆ సాయంత్రమే ఎక్కిన చాలామందికి ప్రమాదం వస్తే ఎక్కడికి పోవాలో ఇంకా చూపించలేదు. ఎక్కిన ఒక రోజులోగా చూపిస్తే చాలని అప్పటి నియమం. 2015 నుంచి ఓడ తీరం వదిలేముందే, లేదా వదిలిన వెంటనే, ప్రతి ప్రయాణికుడికీ అది జరిగి తీరాలి. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత. అది వినపడగానే అందరూ తమకు చెప్పిన చోటికి చేరాలి. చేతిలో పళ్లరసం గ్లాసుతో విసుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు. నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లుంటారు. రాకుండా గదిలోనే పడుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల తలుపు తట్టి తీసుకురావాలి. ఆఫీసరు అక్కడ కోపం చూపించకూడదు, పట్టు మాత్రం వదలకూడదు. ఒక ముసలాయనకు జాకెట్టు తాడు ఎలా బిగించాలో వంగి చూపించడం కూడా నాలుగు పట్టీల దారిలో ఒక పరీక్షే అని నా నమ్మకం.

ఇంకో మార్పు నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. కాంకోర్డియాను నడిపిన కోస్టా కంపెనీ కార్నివాల్ అనే పెద్ద సంస్థలో భాగం. వాళ్లు తమ ఆఫీసర్ల కోసం నెదర్లాండ్స్‌లో అల్మెరే అనే ఊళ్లో పెద్ద శిక్షణ కేంద్రం నడుపుతున్నారు. ఓడ నడిపే గదికి అచ్చంగా నమూనాలు కట్టి, తెరల మీద తుఫానులూ రేవులూ చూపించి అక్కడ నేర్పుతారు. ఒకరు ఓడ నడిపిస్తుంటే ఇంకొకరు అతని ప్రతి పనినీ సరిచూస్తూ ఉండాలి. తప్పనిపిస్తే పైకి చెప్పాలి, అవతల ఉన్నది కెప్టెన్ అయినా సరే. మన ఇళ్లలో పెద్దల మాటకు అడ్డు చెప్పకూడదని పెంచుతారు. నన్నూ అలాగే పెంచారు. బ్రిడ్జి మీద మాత్రం "సార్, మనం అనుకున్న గీతకు ఎడమగా పోతున్నాం" అని గట్టిగా అనగలగాలి. మొదట్లో గొంతు పెగలదు. అలవాటు చేసుకోవాలి. బడిలో మాస్టారు బోర్డు మీద లెక్క తప్పు వేస్తే లేచి చెప్పే పిల్లవాడు మీ తరగతిలో ఉంటే వాణ్ని కూర్చోబెట్టకండి.

బ్రిడ్జి మీద రాత్రి వాచ్, అంటే కాపలా, గురించి కొంచెం చెప్పనివ్వండి. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా సాధారణంగా సెకండ్ ఆఫీసరు వాచ్. పన్నెండింటికి వాచ్ అయితే అంతకు ముందే పైకి చేరాలి. బ్రిడ్జి మీద లైట్లన్నీ ఆర్పి ఉంటాయి, తెరల మసక వెలుగు తప్ప. లోపలికి వచ్చినవాడికి ముందు ఏమీ కనపడదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడాలి, అప్పటిదాకా వాచ్ తీసుకోకూడదు. దిగిపోయే ఆఫీసరు ఒక్కొక్కటే చెబుతాడు. ఎటు పోతున్నాం, ఎంత వేగం, కుడిపక్క వచ్చే ఓడ ఎంత దూరంలో దాటుతుంది, ఎదర చేపల పడవలేమైనా ఉన్నాయా. కెప్టెన్ పడుకోబోయే ముందు పుస్తకంలో రాసిన ఆదేశాలు చదివి సంతకం పెట్టాలి. ఓడ మలుపు తిరుగుతుంటే ఆ మలుపు అయ్యేదాకా వాచ్ మారదు. అన్నీ చూసుకున్నాక "వాచ్ నాది" అనాలి. ఆ క్షణం నుంచి కింద నిద్రపోయే జనమంతా నీ పూచీ. బంగాళాఖాతంలో మన తీరం వెంట పోతుంటే చిన్న చిన్న మర పడవలు రాడార్ మీద సరిగా పడవు. వాటి దీపాల కోసం కంటితోనే వెతకాలి. చెవితో కూడా. చూపుతోనూ వినికిడితోనూ కాపలా కాయాలని అంతర్జాతీయ నౌకా నియమాల్లో అయిదో నియమం చెబుతుంది.

ఇక దారి సంగతి. క్రూయిజ్ ఓడలో సీనియర్ ఆఫీసరు కావడానికి మూడు తలుపులున్నాయి. డెక్, ఇంజిన్, హోటల్. డెక్ తలుపులోంచి వెళ్లినవాళ్లు థర్డ్ ఆఫీసరుగా మొదలుపెట్టి సెకండ్ ఆఫీసరు, ఫస్ట్ ఆఫీసరు, చీఫ్ ఆఫీసరు, స్టాఫ్ కెప్టెన్ మెట్లెక్కి కెప్టెన్ అవుతారు. స్టాఫ్ కెప్టెన్ అంటే కెప్టెన్ తర్వాతివాడు, భద్రతా క్రమశిక్షణా ఆయన చేతిలో ఉంటాయి. ఇంజిన్ వైపు చివరి మెట్టు చీఫ్ ఇంజనీరు. హోటల్ వైపు వెయిటరు, హెడ్ వెయిటరు, మేనేజరు మెట్ల మీదుగా హోటల్ డైరెక్టర్ దాకా పోవచ్చు. ఆయనా పెద్ద ఆఫీసరే, గౌరవమైన ఉద్యోగం. హైదరాబాద్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల చదివి అటు వెళ్లొచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. హోటల్ తలుపులోంచి లోపలికి వెళ్లి తర్వాత బ్రిడ్జి మీదికి మారిపోదాం అనుకుంటే కుదరదు. కెప్టెన్ కావాలంటే ప్రభుత్వం ఇచ్చే సామర్థ్య పత్రాలు కావాలి. వాటికి ఆ చదువు, ఆ సముద్ర అనుభవం మొదటి నుంచీ కావాలి. ముందు క్యాబిన్లు తుడిచే పనిలో చేరు, ఏడాదిలో ఆఫీసరు అయిపోతావని ఎవరైనా చెబితే అది అబద్ధం.

డెక్ వైపుకు కావలసింది పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు. మూడింటిలో కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ 60లో కొంత సడలింపు ఉంది, ఇంగ్లీషులో లేదు. పదకొండులో గణితం కష్టమని వదిలేస్తే ఈ తలుపు అక్కడే మూసుకుపోతుంది. తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయాలి. 2008లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం అది, కాబట్టి ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. విశాఖపట్నంలో కూడా దాని ప్రాంగణం ఉంది కానీ అక్కడ నేర్పేది ఓడల నిర్మాణం. నాటికల్ చదువులకు చెన్నై, కొచ్చి, నవీ ముంబై వెళ్లాలి. ఒక ఏడాది డిప్లొమా చేసి 18 నెలలు క్యాడెట్‌గా ఓడ మీద పనిచేసే దారి ఒకటి. మూడేళ్ల బీఎస్సీ చదివి 12 నెలలు ఓడ మీద పనిచేసే దారి ఇంకొకటి. ఆ తర్వాత సెకండ్ మేట్ పరీక్ష. రాతపరీక్షల కన్నా నోటి పరీక్షకే పిల్లలు భయపడతారు. ఎదురుగా అనుభవం పండిన కెప్టెన్ కూర్చుని బల్ల మీద బొమ్మ ఓడలు పెట్టి, "ఇది ఇటు వస్తోంది, నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. బట్టీ అక్కడ పనికిరాదు. అది దాటాక ఫస్ట్ మేట్, తర్వాత మాస్టర్. ఒక్కో మెట్టుకీ నెలల తరబడి సముద్రం మీద వాచ్ చేసినట్టు లెక్క చూపించాలి. బడి వదిలిన రోజు నుంచి మాస్టర్ పత్రం చేతికొచ్చేసరికి పది, పన్నెండేళ్లు పడుతుంది. నాకు ఇది ఎక్కువ అనిపించదు. డాక్టరు చదువుకూ అంతే పడుతుంది.

ఈ ప్రయత్నమంతటికీ ముందు ఒక పని చెయ్యండి. కళ్లు చూపించుకోండి. డెక్ వైపు అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియాలి, ఎందుకంటే రాత్రిపూట ఎదుటి ఓడ ఎటు పోతోందో ఆ రెండు దీపాలే చెబుతాయి. రెండు మూడేళ్లు కష్టపడి చదివాక చివర్లో కంటి పరీక్షలో ఆగిపోయిన పిల్లల్ని చూశాను. ఇంజిన్ వైపు కొంతమేరకు అద్దాలు ఒప్పుకుంటారు, రంగులు మాత్రం అక్కడా తెలియాలి.

యూనివర్సిటీలో ఫీజు ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. ప్రైవేటు కాలేజీల్లో ఇంకా చాలా ఎక్కువ. ఎస్టీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, బ్యాంకు అప్పులున్నాయి. అన్నిటికన్నా మంచిది, కోర్సులో చేరకముందే ఒక షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ సంపాదించడం. ఎందుకంటే చదువు అయిపోయాక క్యాడెట్‌గా ఎక్కడానికి ఓడ దొరక్క నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లలున్నారు. ఇది దాచి మిమ్మల్ని ఆశపెట్టడం నాకిష్టం లేదు.

మన భారతీయ ఆఫీసర్లలో ఎక్కువమంది సరుకు ఓడలు, ట్యాంకర్ల మీద మొదలుపెట్టి తర్వాతే ప్రయాణికుల ఓడల వైపు వస్తారు. వచ్చేటప్పుడు ఒక మెట్టు కిందికి దిగవలసి రావచ్చు. జనసమూహాన్ని అదుపు చెయ్యడం, ఆపదలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవడం వంటి ప్రత్యేక కోర్సులు చెయ్యాలి. ట్యాంకరు మీద ఇరవై పాతిక మంది ఉంటారు, అందరూ పని తెలిసినవాళ్లే. ప్రయాణికుల ఓడ మీద వేల మంది ఉంటారు, వాళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ఆ కోర్సులు.

ప్రయాణికుల ఓడ అనగానే జారుడుబల్లలే గుర్తుకు రానక్కర్లేదు. విశాఖపట్నం నుంచి అండమాన్‌లో మనం ఇన్నాళ్లూ పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరికి ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. వాటిలో స్వరాజ్ ద్వీప్ అనేదాన్ని విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టారు. 1948 మార్చిలో నెహ్రూగారు ‘జల ఉష’ను నీళ్లలోకి దింపిన షిప్‌యార్డ్ అది. అండమాన్‌లో స్థిరపడ్డ మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాలవాళ్లు మూటాముల్లెతో ఎక్కే ఓడలవి. వాటి బ్రిడ్జి మీదా ఆఫీసర్లు కావాలి, అక్కడ నేర్చుకునేదీ అదే విద్య. క్రూయిజ్ ఓడలు కూడా విశాఖకు వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. 2023 సెప్టెంబరు 4న దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను అక్కడ ప్రారంభించారు.

నిజానికి తెలుగువాళ్లకు ప్రయాణికుల ఓడలు కొత్త కాదు. కోరంగి రేవు బతికి ఉన్న రోజుల్లో మన ఓడలు, మన కళాసులు బంగాళాఖాతమంతా తిరిగారు. తర్వాత ఆవిరి ఓడలొచ్చాక కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి వేలకు వేల మంది రంగూన్ వెళ్లారు, అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. కానీ వాళ్లు వెళ్లింది డెక్ మీద చాప పరుచుకుని. బ్రిడ్జి మీద నిలబడ్డది తెల్లవాళ్లు. భారతీయ కుర్రాళ్లను ఆఫీసర్లుగా తయారుచేసే డఫరిన్ శిక్షణ ఓడ బొంబాయిలో 1927లో మొదలైంది. అంతకుముందు ఆ తలుపు మనవాళ్లకు దాదాపు మూసే ఉండేది. దాన్ని తెరిపించడానికి ఒక తరం పెద్దలు పోరాడారు. అందుకే దోర్నపాల్ అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఎవరైనా నవ్వితే నాకు బాధ.

ఆ రోజు అదే గదిలో ఒక అమ్మాయి "ఆడపిల్లల్ని తీసుకుంటారా?" అని అడిగింది. తీసుకుంటారమ్మా. రాధికా మీనన్ గారి గురించి విను. 2015 జూన్‌లో ఆమె షిప్పింగ్ కార్పొరేషన్ వారి ‘సంపూర్ణ స్వరాజ్య’ అనే ట్యాంకరుకు కెప్టెన్. ఒడిశా గోపాల్‌పూర్ తీరానికి అవతల తుఫాను గాలి, ఇరవై అయిదు అడుగుల పైన అలలు. ‘దుర్గమ్మ’ అనే చేపల పడవ ఇంజిను చెడి, లంగరు పోయి, ఏడుగురు మత్స్యకారులతో రోజుల తరబడి కొట్టుకుపోతోంది. తిండీ నీళ్లూ కొట్టుకుపోయి చేపల కోసం పెట్టుకున్న ఐసు చప్పరిస్తున్నారు. జూన్ 22న ఆ పడవను రెండున్నర కిలోమీటర్ల దూరంలో చూసింది ఓడ సెకండ్ ఆఫీసరు. ఇందాక నేను చెప్పిన కాపలా అదే. కెప్టెన్ మీనన్ ఓడను తిప్పి మూడుసార్లు ప్రయత్నించి ఏడుగురినీ పైకి ఎక్కించారు. వాళ్ల ఇళ్లలో అప్పటికే కర్మకాండకు సిద్ధపడుతున్నారు. 2016లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ సాహస పురస్కారం ఆమెకు ఇచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆమె.

అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. పిల్లవాడు ఎన్నాళ్లకు ఇంటికొస్తాడు? ఆఫీసర్లు నాలుగైదు నెలలు ఓడ మీద, రెండు మూడు నెలలు ఇంటి దగ్గర ఉండటం మామూలు. కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ నెలలు ఉండొచ్చు. పండగలకు ఉండడు, పెళ్లిళ్లకు ఉండడు. ఎంత పని చేయించుకుంటారు? ప్రతి 24 గంటల్లో 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇచ్చి తీరాలని అంతర్జాతీయ ఒప్పందం ఉంది. భారతదేశం 2015లో దానికి ఒప్పుకుంది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. కాబట్టి "ఓడ ఉద్యోగానికి మూడు లక్షలు కట్టండి" అన్న ఏజెంటు ఎవరైనా సరే, అక్కడితో మాట ఆపెయ్యండి. నావికుల్ని తీసుకునే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉండాలి, ఆ జాబితా అందరూ చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగమని నమ్మించి కంబోడియా తీసుకుపోయి మోసపు పనుల్లోకి దించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు. పొలం అమ్మి అలాంటివాళ్ల చేతిలో పెట్టకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి కాగితాలు. 2006లో దోర్నపాల్‌లో శిబిరం వెలిసినప్పుడు ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఈ వయసులో ఉన్నారు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, మార్కుల పత్రంలో ఒకటి ఉండటం, పేరు హిందీ నుంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా పడటం చాలామంది విషయంలో చూశాను. ఓడెక్కాలంటే పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుడి పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం అన్నిటిలో ఒకే పేరు, ఒకే తేదీ ఉండాలి. పోటా కేబిన్ బడుల్లో, ఆశ్రమ బడుల్లో పనిచేసే మాస్టార్లు పదో తరగతిలోనే ఇది సరిచూస్తే పిల్లలకు తర్వాత ఏడాది మిగులుతుంది.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. చలికాలం పోతూ ఉండగా మీరు ఖమ్మం, భద్రాద్రి, గుంటూరు వైపు మిరప కోతలకు వెళతారు. చేతిలో డబ్బు పడేది ఆ రెండు నెలల్లోనే, అది నాకు తెలుసు. పన్నెండో తరగతి పిల్లల పరీక్షలు సరిగ్గా ఆ వేళకే వస్తాయి. ఆ ఒక్క ఏడాది పిల్లను గానీ, పిల్లవాణ్ని గానీ వెంట తీసుకుపోకండి. హాస్టల్లో ఉంచండి, లేదా మేనమామ ఇంట్లోనో పెద్దమ్మ ఇంట్లోనో ఉంచండి. పరీక్షలైన కొద్ది వారాలకే వేసవిలో మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, బడిలో కంప్యూటరున్న మాస్టారు సాయం చేస్తారు. దానికి ముందు ఒక రోజు వీలు చూసుకుని సుక్మా జిల్లా ఆసుపత్రికి వెళ్లి కళ్లు చూపించండి.